కొసరు సినిమాల రాణి మేరీ విండ్సర్: చూసినవాళ్ళు రండి, మాట్లాడుకుందాం

రీలుడబ్బా:
హాలీవుడ్ పాత సినిమాలు చూసేవాళ్ళు ఇక్కడ తక్కువేం లేరు, కానీ ఏ చర్చ మొదలుపెట్టినా చివరికి బోగార్ట్ దగ్గరికో హిచ్‌కాక్ దగ్గరికో వెళ్ళి ఆగుతోంది. ఈసారి పెద్ద పేర్లు పక్కన పెడదామండీ. నాకు మేరీ విండ్సర్ గురించి మాట్లాడాలని ఉంది.

పేరు తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. 1919లో యూటా రాష్ట్రంలో మేరీస్‌వేల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది, అసలు పేరు ఎమిలీ మేరీ బెర్టెల్‌సన్. హాలీవుడ్‌కి వచ్చి మరియా ఉస్పెన్‌స్కాయా దగ్గర నటన నేర్చుకుంది. ఆ ఉస్పెన్‌స్కాయా మాస్కో ఆర్ట్ థియేటర్ నుంచి వచ్చిన మనిషి, అంటే మేరీది గట్టి పునాదే. 1941 నుంచి చిన్నాచితకా వేషాలు, తర్వాత న్యూయార్క్‌లో రేడియో, నాటకాలు, మళ్ళీ వచ్చి ఎం.జి.ఎం.లో కాంట్రాక్టు. అక్కడ ఏం చేయించారు? 'సాంగ్ ఆఫ్ ది థిన్ మ్యాన్', 'ది త్రీ మస్కిటీర్స్' లాంటి పెద్ద సినిమాల్లో కనిపించీ కనిపించని వేషాలు. అంత పెద్ద స్టూడియోకి ఆమెతో ఏం చెయ్యాలో తెలియలేదు. తెలిసింది ఎవరికయ్యా అంటే చిన్న బడ్జెట్ వాళ్ళకి. 1948 తర్వాత పదేళ్ళ పాటు ఆర్‌కేవో, రిపబ్లిక్, లిప్పర్ట్ కంపెనీలు తీసిన బి సినిమాల్లో ఆమె చేసిన పని చూస్తే, అదే కాలంలో పెద్ద సినిమాల్లో పక్కపాత్రలు వేసిన చాలామంది ఇలాంటివి కలలో కూడా చూసి ఉండరనిపిస్తుంది. ఆమెకి 'క్వీన్ ఆఫ్ ది బీస్', అంటే బి సినిమాల రాణి, అనే పేరు ఊరికే రాలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను, ఒప్పుకోనివాళ్ళు వాదించండి. ఆమె పెద్ద హీరోయిన్ కాలేకపోయి బి సినిమాలకి దిగిపోయిన మనిషి కాదు. బుర్ర ఉన్న ఆడదాన్ని, మాటకు మాట అప్పజెప్పే ఆడదాన్ని తెర మీద చూపించడానికి ఆ రోజుల్లో చోటు ఉన్నది బి సినిమాల్లోనే, ఆ చోటుని ఆమె పూర్తిగా వాడుకుంది.

లెక్కలమాస్టారు:
మంచి మనిషిని ఎత్తుకున్నారు. కానీ బి సినిమా అంటే చాలామంది నాసిరకం సినిమా అనుకుంటారు, ముందు అది సరిచేద్దాం. 1930ల ఆర్థిక మాంద్యంలో జనాన్ని హాలుకి రప్పించడానికి ఒక టికెట్టు మీద రెండు సినిమాలు వెయ్యడం అమెరికా అంతటా అలవాటైంది. అసలు సినిమా ఒకటి, కొసరు సినిమా ఒకటి. ఆ కొసరే బి సినిమా. అసలు సినిమాకి వసూళ్ళలో శాతం లెక్కన అద్దె. కొసరుకి మాత్రం ఇంత అని ఒకే మొత్తం. హాలు నిండినా ఈగలు తోలుకున్నా నిర్మాతకి వచ్చేది అంతే. కాబట్టి ఖర్చు ఆ గీత దాటకూడదు, నిడివి గంటా గంటంబావు, షూటింగ్ ఒకటి రెండు వారాలు. లాభం ముందే ఖాయం, నష్టమూ పెద్దగా ఉండదు. అందుకే దర్శకుడి భుజం మీద నిలబడి చూసేవాళ్ళు తక్కువ. రీలుడబ్బా గారు చెప్పిన 'చోటు' అక్కడి నుంచే వచ్చింది.

1948 మేలో అమెరికా సుప్రీం కోర్టు పారమౌంట్ కేసులో తీర్పు ఇచ్చి, స్టూడియోలు తమ సినిమాలన్నీ గుత్తగా హాళ్ళకి అంటగట్టడం ఆపించింది, సొంత హాళ్ళు వదులుకోమంది. దానికి తోడు టీవీ. మేరీ విండ్సర్ మంచి వేషాలన్నీ ఈ తీర్పు తర్వాతివే, అంటే పునాది కదిలిపోతున్న ఇంట్లో ఆమె కాపురం పెట్టింది. ఇంకో పదేళ్ళు ముందు వచ్చి ఉంటే ఎలా ఉండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

శేషు_తెనాలి:
నేను ఆమెని చూసింది ఒక్క 'ది కిల్లింగ్'లోనే అండీ, అదీ దర్శకుడు క్యూబ్రిక్ పేరు చూసి. గుర్రప్పందాల మైదానంలో దోపిడీ కథ. అందులో క్యాషియర్ జార్జ్ భార్య షెర్రీ. సినిమా అయిపోయాక హీరో స్టెర్లింగ్ హేడెన్ కంటే ఆ మొగుడూ పెళ్ళాలే బుర్రలో తిరుగుతున్నారు. ఆ ఇంట్లో సాయంత్రం సీను ఉంటుంది కదా, ఆయన కడుపునొప్పి అంటాడు, ఆమె సోఫాలోంచి లేవకుండానే మాటలతో అతన్ని నమిలేస్తుంది. ఒక్కసారి కూడా గొంతు పెంచదు. అరవకుండా అంత క్రూరంగా ఎలా ఉండగలిగింది? ఆమెవి ఇంకేం చూడాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్, యూట్యూబ్‌లో వెతికితే కుప్పలు కుప్పలుగా వస్తున్నాయి, ఏది ముందో ఏది తర్వాతో అర్థం కావడం లేదు.

డల్లాస్_వాసు:
శేషు తమ్ముడూ, ఇంకేం ఆలోచించకుండా 'ది న్యారో మార్జిన్' చూడు, 1952. నిడివి 71 నిమిషాలే. షికాగో నుంచి లాస్ ఏంజిలిస్ వెళ్ళే రైల్లో, చనిపోయిన ఒక ముఠా నాయకుడి భార్యని సాక్ష్యం చెప్పించడానికి ఒక పోలీసు తీసుకెళ్తుంటాడు. ఆమెని చంపడానికి ముఠా మనుషులు అదే రైలెక్కుతారు, కానీ వాళ్ళకి ఆమె ముఖం తెలియదు. పోలీసుగా చార్ల్స్ మెక్‌గ్రా, ఆ భార్యగా మన మేరీ. మొదటి సీన్‌లోనే ఆమెని కాపాడటానికి వచ్చిన ఇద్దరిలో ఒక పోలీసు మెట్ల మీద చచ్చిపోతాడు, ఆమె మెడలో దండ తెగి పూసలు ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ కిందికి పోతాయి. అక్కడి నుంచి రైలు దిగేదాకా ఊపిరి సలపదు.

దీని వెనక కథ వింటే కడుపు మండుతుంది. రిచర్డ్ ఫ్లైషర్ దీన్ని 1950లోనే తీసేశాడు. అప్పుడు ఆర్‌కేవో యజమాని హోవర్డ్ హ్యూస్. ఆయనకి సినిమా నచ్చలేదా అంటే తెగ నచ్చింది, అదే వచ్చిన చిక్కు. ప్రింటు తన దగ్గర పెట్టుకుని, దీన్నే పెద్ద తారలతో పెద్ద సినిమాగా మళ్ళీ తీస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. రాబర్ట్ మిచమ్, జేన్ రస్సెల్ అనుకున్నారట. అంటే మేరీ చేసిన వేషం ఇంకొకరికి. చివరికి ఆయన ఇంకో సినిమాలో కొన్ని భాగాలు తీసి పెట్టమని ఫ్లైషర్‌ని అడిగితే, అది చేసినందుకు బదులుగా ఇది ఉన్నది ఉన్నట్టు బయటికొచ్చింది. ఈలోపు దాదాపు రెండేళ్ళు పోయాయి. వచ్చాక సినిమా బాగా ఆడింది, కథకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. కానీ ఒక నటికి ముప్ఫై, ముప్ఫై రెండు మధ్య రెండేళ్ళంటే మాటలా?

కెమెరా_చిన్నా:
న్యారో మార్జిన్ మీద నేనూ ఒక మాట చెప్పాలి. నేను చిన్న షూటింగులకి కెమెరా చేస్తాను, బడ్జెట్ లేనప్పుడు ఏం చెయ్యాలో ఈ సినిమా చూసి నేర్చుకోవాలి. మామూలుగా రైలు సీను అంటే పెట్టె సెట్టు కింద స్ప్రింగులు పెట్టి ఊపుతారు, దానికి మనుషులు, ఖర్చు, టైము. వీళ్ళు సెట్టుని నేలకి బిగించేసి కెమెరాని ఊపారు. ఇరుకు నడవాలో చేత్తో పట్టుకునే కెమెరా వాడారు. అందుకే గోడలు మన మీద పడుతున్నట్టు ఉంటుంది. నేపథ్య సంగీతం లేదు, చక్రాల మోత, కూత, అంతే. పాట వినిపిస్తే అది మేరీ పెట్టుకున్న చిన్న గ్రామఫోన్ నుంచి వచ్చేదే.

ఇంకో కట్ ఉంది. ఆమె విసుగ్గా గోళ్ళు రాస్తూ ఉంటుంది, చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతుంటుంది, టక్కున రైలింజను చక్రాల కడ్డీ అదే వేగంతో ముందుకీ వెనక్కీ. ఆ గోళ్ళు రాసే తీరులో ఆ పాత్ర ఎంత ఒళ్ళు మండి ఉందో మొత్తం తెలుస్తుంది. ఎడిటర్ గొప్పతనం సరే, కానీ ఆ లయ ముందు నటి చేతిలో ఉండాలి కదా.

మాధవి_వైజాగ్:
న్యారో మార్జిన్ ఇంకా చూడనివాళ్ళు ఈ పోస్టు దాటేయండి, శేషూ నువ్వు కూడా. చివరి మలుపు చెప్పకుండా నా వాదన చెప్పలేను.

రీలుడబ్బా గారూ, మీరు చోటు దొరికింది అంటున్నారు, నాకు అందులో ఆమెకి జరిగిన అన్యాయం కూడా కనిపిస్తుంది. సినిమా అంతా మనం ఆమెని ముఠావాడి పెళ్ళాం, డబ్బు మనిషి, నోటి దురుసు అని తిట్టుకుంటూ చూస్తాం. హీరో కూడా అలాగే చూస్తాడు. తీరా ఆమె చనిపోయాక తెలుస్తుంది, ఆమె ఆ భార్య కాదు, ఆ వేషంలో వచ్చిన పోలీసు అని. అసలు భార్య అదే రైల్లో ఇంకో పెట్టెలో పిల్లాడితో నెమ్మదిగా కూర్చుని ఉంది. అంటే రైల్లో అందరికంటే ధైర్యం, పనితనం ఉన్న మనిషి ఈమె. కానీ ఆ సంగతి బయటపడ్డాక సినిమా ఆమె కోసం ఎంతసేపు ఆగింది? హీరో కనీసం ఒక్క నిమిషం బాధపడాలిగా. కథ గబగబా మిగిలిన జంట వైపు వెళ్ళిపోతుంది. నాకు ఆ చోట ప్రతిసారీ కోపం వస్తుంది. ఆమె నటన మాత్రం రెండోసారి చూస్తే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అప్పుడు అది నటిస్తున్న మనిషి నటన అని తెలుసు మనకి. కావాలని కొంచెం ఎక్కువ చేసిన చోట్లు కూడా దొరుకుతాయి.

ఇంకొకటి. అదే ఏడాది వచ్చిన 'ది స్నైపర్' చూడండి. శాన్ ఫ్రాన్సిస్కోలో బార్‌లో పియానో వాయించే అమ్మాయి జీన్. బట్టలు ఇచ్చిపోవడానికి వచ్చిన కుర్రాడితో నవ్వుతూ ఆప్యాయంగా మాట్లాడుతుంది, వాడే ఆ హంతకుడు. ఉన్నది కాసేపే, కానీ ఆ కాసేపట్లో ఎంత సహజంగా, మన పక్కింటి మనిషిలా ఉందో. ఆమె ఇలాంటివీ చెయ్యగలదు. కానీ ఎంతమంది ఇచ్చారు? షెర్రీ తర్వాత మళ్ళీ షెర్రీలే.

రీలుడబ్బా:
మాధవి గారూ, మలుపు తర్వాత సినిమా తొందరపడింది అన్నది ఒప్పుకుంటాను, అది స్క్రిప్టు లోపమే. కానీ 'ఒకే రకం వేషాలు' అనేదానికి మీరు 'హెల్‌ఫైర్' చూశారా? 1949, రిపబ్లిక్ కంపెనీ, రంగుల కౌబాయ్ సినిమా. అందులో ఆమె డాల్ బ్రౌన్, తల మీద వెల ఉన్న బందిపోటు. గుర్రం మీద దూసుకుపోతుంది, తుపాకీ పేలుస్తుంది, హీరో బిల్ ఇలియట్ ఆమెని మంచిదారిలో పెట్టాలని వెంట తిరుగుతుంటాడు. కథ నడిచేది ఆమె మీద. 1949లో ఏ పెద్ద స్టూడియో ఒక నటికి ఇలాంటి వేషం ఇచ్చి, పోస్టరు మీద రెండో పేరు వేసింది చెప్పండి. అదే సంవత్సరం అదే కంపెనీ తీసిన జాన్ వేన్ పెద్ద సినిమా 'ది ఫైటింగ్ కెంటకియన్'లో ఆమె మామూలు పక్కపాత్ర. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పేది అర్థమవుతుంది.

ఎత్తు సంగతి కూడా ఉంది. ఆమె అయిదడుగుల తొమ్మిదంగుళాలు. హీరోల కంటే పొడుగైన హీరోయిన్‌ని పెద్ద సినిమాల వాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు? 'అవుట్‌పోస్ట్ ఇన్ మొరాకో'లో జార్జ్ రాఫ్ట్ పక్కన డాన్సు చెయ్యాల్సి వచ్చి మోకాళ్ళు వంచి ఆడానని ఆమే చెప్పింది. ఒక నటి ఆ అవస్థలో ఉంటూ ముఖంలో ప్రేమ చూపించాలి. అదే క్యూబ్రిక్ ఏం చేశాడు? జార్జ్‌గా వేసిన ఎలిషా కుక్ అంత చిన్న మనిషి పక్కన ఆమెని నిలబెట్టి ఆ ఎత్తునే కథ చేశాడు. వాళ్ళిద్దరూ ఒక ఫ్రేములో ఉంటే ఎవరి మాట చెల్లుతుందో డైలాగు లేకుండానే తెలిసిపోతుంది. న్యారో మార్జిన్ చూసి తన షెర్రీ ఈమే అని ఆయన పట్టుబట్టాడట.

సేలం_తెలుగు:
నమస్కారం అందరికీ. మాది సేలం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఇంతసేపూ చదువుతున్నాను, ఎవరూ ఈ సంగతి ఎత్తలేదేమిటా అని చూస్తున్నాను. మేరీ విండ్సర్ నటించిన ఒక సినిమా మా ఊరి స్టూడియో తీసినదే!

'ది జంగిల్', 1952. మోడరన్ థియేటర్స్ టి.ఆర్. సుందరం గారు, అమెరికా లిప్పర్ట్ కంపెనీ కలిసి తీశారు. దర్శకుడు విలియం బెర్క్. రాడ్ కామెరాన్, సీజర్ రొమేరో, మేరీ విండ్సర్ ప్రధాన పాత్రలు, మన ఎం.ఎన్. నంబియార్ కూడా ఉన్నారు. తమిళంలో 'కాడు' పేరుతో వచ్చింది. కథేమిటంటే అడవిలో ఏనుగులు ఎందుకో బెదిరిపోయి ఊళ్ళ మీద పడుతుంటాయి, కారణం వెతుక్కుంటూ వెళ్తే బొచ్చు ఏనుగులు, అంటే ఏనాడో అంతరించిపోయిన మామత్‌లు కనబడతాయి. మామూలు ఏనుగులకే బొచ్చు తొడిగి వాటిని చూపించారు. మేరీది రాజకుమారి మారి వేషం.

సుందరం గారి స్టూడియో అంటే తెలియనివాళ్ళకి: మొదటి మలయాళ టాకీ 'బాలన్' 1938లో తీసింది వీళ్ళే, తమిళంలో మొదటి పూర్తి రంగుల సినిమా 'అలీబాబావుం 40 తిరుడర్గళుం' 1956లో తీసింది వీళ్ళే. ఏడాదికి ఇన్ని సినిమాలని లెక్కగా, క్రమశిక్షణగా తీసే ఫ్యాక్టరీ పద్ధతి ఆయనది. అమెరికాలో లిప్పర్ట్‌దీ అదే బాట, సొంత హాళ్ళున్న మనిషి కాబట్టి హాళ్ళు నింపడానికి చవగ్గా, త్వరగా సినిమాలు కావాలి. వీళ్ళిద్దరూ కలవడం నాకేమీ వింతగా అనిపించదు. ఏర్కాడు వెళ్ళే రోడ్డులో ఆ స్టూడియో ముఖద్వారం ఇప్పటికీ ఉంది. అటుగా వెళ్ళినప్పుడల్లా మా ఆవిడకీ పిల్లలకీ ఈ కథ చెబుతుంటాను.

డల్లాస్_వాసు:
సేలం అన్నా, అదరగొట్టారు! ఆ సినిమా నేను చూశాను కానీ అది సేలంలో అని తెలియదు. నిజం చెప్పాలంటే కథ నీరసం, సగం సినిమా నడుచుకుంటూ పోవడమే. కానీ ఏనుగుల గుంపులు, కొండలు, అన్నీ అసలువి, స్టూడియోలో మొక్కలు పాతి తీసిన అమెరికన్ అడవి సినిమాలతో పోలిస్తే ఎక్కడికో వెళ్ళిపోతుంది.

మాధవి_వైజాగ్:
సేలం వాళ్ళు చెప్పింది చాలా సంతోషం. కానీ ఒకటి గమనించండి, ముఖానికి రంగు పూసుకుని భారత రాజకుమారి, దానికి ముందు మొరాకో సినిమాలో ఎమీర్ కూతురు. తెల్ల నటిని మన రాజకుమారిగా చూపించడం ఆ కాలం హాలీవుడ్ రోగం. సేలంలో, మద్రాసులో అప్పటికే ఎంతమంది నటీమణులు ఉన్నారు, ఆ వేషం వాళ్ళలో ఒకరికి ఇచ్చి ఉంటే? అందులో మేరీ తప్పేం లేదు, ఇచ్చిన పని చేసింది. కానీ బి సినిమా స్వేచ్ఛ ఇచ్చింది అని మనం అనేటప్పుడు, ఆ స్వేచ్ఛ ఎవరి వరకు ఆగిందో కూడా చూడాలి.

సేలం_తెలుగు:
అది న్యాయమైన మాటే తల్లీ. అమెరికాలో అమ్మాలంటే పోస్టరు మీద వాళ్ళ ముఖాలు కావాలి, ఆ లెక్కలో మన నటులు వెనక్కి జరిగారు. ఈ రోజు ఆ సినిమా చూసేవాళ్ళు ఇక్కడ నంబియార్ కోసమే చూస్తున్నారు.

కెమెరా_చిన్నా:
'క్యాట్ ఉమెన్ ఆఫ్ ది మూన్' గురించి ఎవరూ మాట్లాడరేం? 1953, త్రీడీలో తీశారు. చంద్రుడి మీద గుహలు, సాలెపురుగు, నల్ల దుస్తుల్లో ఆడవాళ్ళు. రాకెట్ లోపల ఆఫీసు కుర్చీలు కనబడతాయి. అయినా చూడండి, మేరీ మాత్రం తన మనసు ఇంకెవరి చేతిలోనో ఉన్న మనిషిలా చివరిదాకా నమ్మి చేసింది. సంగీతం ఎవరనుకున్నారు, ఎల్మర్ బెర్న్‌స్టీన్! రాజకీయ అనుమానాల వల్ల పెద్ద సినిమాలు ఇవ్వకపోతే ఇలాంటివి చేసుకున్నాడు. తర్వాత ఎంత పెద్దవాడయ్యాడో మనకి తెలుసు. కొసరు సినిమాల్లో ఇలా ఎవరెవరో తలదాచుకున్నారు.

రీలుడబ్బా:
చిన్నా చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. 1948లో ఆమెకి మొదటి మంచి వేషం ఇచ్చిన 'ఫోర్స్ ఆఫ్ ఈవిల్' దర్శకుడు ఏబ్రహాం పొలాన్‌స్కీ. ఆ సినిమా తర్వాత కొన్నేళ్ళకే ఆయన్ని బ్లాక్‌లిస్టులో, అంటే రాజకీయ అనుమానాలతో పని ఇవ్వకూడదనుకున్నవాళ్ళ జాబితాలో పెట్టారు, హీరో జాన్ గార్‌ఫీల్డ్‌నీ వెంటాడారు, గార్‌ఫీల్డ్ 1952లో 39 ఏళ్ళకే పోయాడు. అందులో ముఠా నాయకుడి భార్య ఎడ్నాగా మేరీ ఉన్నది రెండు మూడు సీన్లే, ఆ కళ్ళు మాత్రం మర్చిపోలేం. ఆ జట్టు అలాగే కొనసాగి ఉంటే ఆమెకి ఇంకెన్ని వేషాలు వచ్చేవో. ఆమె వల్ల కాని కారణాలతో తలుపులు మూసుకుపోవడం ఇది ఒకసారి, హ్యూస్ దగ్గర ఇంకోసారి.

'ది కిల్లింగ్' మాత్రం ఏమైంది? మూడు లక్షల ఇరవై వేల డాలర్లతో తీశారు. విమర్శకులు మెచ్చుకున్నారు, లుక్ పత్రిక ఆమెని ఉత్తమ సహాయ నటి అంది. కానీ యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాళ్ళు దాన్ని మిచమ్ సినిమా 'బాండిడో' వెనక రెండో సినిమాగా వేసి వదిలేశారు. ఆస్కార్ వాళ్ళు తిరిగి చూడలేదు.

శేషు_తెనాలి:
అందరికీ థ్యాంక్స్ అండీ, నిన్న రాత్రి న్యారో మార్జిన్ చూశాను, వెంటనే మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. మాధవి అక్కా, మీ పోస్టు ఇప్పుడు చదివాను, మీ కోపం న్యాయమే. మెక్‌గ్రా ఆమెని ఎన్ని మాటలంటాడు! ఆమె తిరిగి చెప్పుకోదు, ఎందుకంటే చెప్పుకోకూడని డ్యూటీ. రెండోసారి చూసినప్పుడు, అతను లంచానికి లొంగుతాడా లేదా అని ఆమె పరీక్షిస్తున్న చోట్లు కనిపించాయి. అయితే ఒక డౌటు. ఇలాంటి వేషాలు వరసగా వేస్తే జనం బయట ఎలా చూసేవారు? మన సూర్యకాంతం గారి పేరు పిల్లలకి పెట్టడానికే భయపడ్డారంటారు కదా.

డల్లాస్_వాసు:
అచ్చం అలాగే. ఆమె వేషాలు చూసి కొందరు పోస్టులో బైబిళ్ళు పంపేవారట, మారమని, కొన్ని వాక్యాల కింద గీతలు గీసి మరీ! ఇంటర్వ్యూల్లో ఆమే చెప్పింది. ఇంట్లో మాత్రం ఏ గొడవా లేని జీవితం. 1954లో జాక్ హప్‌ని పెళ్ళి చేసుకుంది, చివరిదాకా ఆ కాపురమే. బొమ్మలు వేసేది, శిల్పాలు చేసేది.

లెక్కలమాస్టారు:
వేషాలు, దర్శకులు అన్నీ మాట్లాడుకున్నాం, ఇప్పుడు డబ్బు మాట్లాడదాం, ఎందుకంటే అసలు నొప్పి నాకు అక్కడ కనిపిస్తుంది. 1955లో హ్యూస్ ఆర్‌కేవో అమ్మేశాక ఆ కంపెనీ పాత సినిమాలు వందలకొద్దీ టీవీకి పోయాయి. మిగతా స్టూడియోలూ అదే దారి పట్టాయి. గంటంబావు నిడివి ఉన్న బి సినిమా టీవీకి అచ్చంగా కుట్టించినట్టు సరిపోయింది, రాత్రిపూట మళ్ళీ మళ్ళీ వేశారు. అందులో నటించినవాళ్ళకి ఏం వచ్చింది? ఏమీ రాలేదు.

1960లో సినిమా నటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ సమ్మె చేసింది, అప్పుడు అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్. 1960 నుంచి తీసే సినిమాలు టీవీలో వేస్తే నటులకి వాటా ఇవ్వాలని ఒప్పందం కుదిరింది. 1948 నుంచి 1959 దాకా తీసినవాటికి మాత్రం వాటా లేదు, పింఛను, వైద్య నిధి పెట్టుకోవడానికి మొత్తం సంఘానికి 22.5 లక్షల డాలర్లు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. 1948కి ముందువి లెక్కలోకే రాలేదు. ఇప్పుడు మేరీ విండ్సర్ సినిమాల జాబితా తీయండి. ఫోర్స్ ఆఫ్ ఈవిల్ 1948, హెల్‌ఫైర్ 1949, న్యారో మార్జిన్ 1952, ది కిల్లింగ్ 1956. ఆమె ఎందుకు గొప్పదని మనం ఇక్కడ వాదించుకుంటున్నామో ఆ సినిమాలన్నీ సరిగ్గా ఆ గీతకి ఇవతల పడ్డాయి. హీరోలకి పారితోషికమైనా పెద్దది. ఒక వారం, రెండు వారాల కూలి తీసుకుని పక్కపాత్ర వేసినవాళ్ళకి అంతటితో సరి.

మాధవి_వైజాగ్:
మాస్టారూ, ఇది చదివాక ఆమె గిల్డ్ బోర్డులో పాతికేళ్ళు పనిచేసిందన్న సంగతి నాకు ఇంకోలా కనిపిస్తోంది. పెద్ద తారలకి సంఘం అవసరం తక్కువ, వాళ్ళ తరఫున ఏజెంట్లు, లాయర్లు మాట్లాడతారు. రెండు వారాల షూటింగు, తర్వాత మూడు నెలల ఖాళీ అంటే ఏమిటో ఒంటికి తెలిసిన మనిషి బోర్డులో కూర్చోవడం వేరు.  రీలుడబ్బా గారూ, ఆమె బి సినిమాల్లో దొరికిన చోటుని వాడుకుందన్న మీ మాట ఒప్పుకుంటున్నాను, కానీ ఆ చోటుకి అద్దె ఆమే కట్టింది.

రీలుడబ్బా:
ఆ మాట కాదనలేను. తర్వాతి కాలం కూడా ఒకసారి చెప్పేస్తాను, ఎవరైనా వెతుక్కుంటారని. బి సినిమాలు 1950ల చివరికి ఆగిపోయాయి, రిపబ్లిక్ మూతబడింది. అక్కడితో చాలామంది నటీమణులు కనుమరుగయ్యారు. ఈమె టీవీలోకి వెళ్ళిపోయింది. పెర్రీ మేసన్, కౌబాయ్ సీరియళ్ళు, ఏది వచ్చినా చేసింది. సినిమాల్లో జాన్ వేన్ 'కాహిల్' 1973లో, డిస్నీ 'ఫ్రీకీ ఫ్రైడే' 1976లో చిన్న వేషాలు. 1979లో టోబీ హూపర్ తీసిన టీవీ సినిమా 'సేలమ్స్ లాట్'లో అద్దె ఇల్లు నడిపే ఆవిడగా, ఎదురుగా మళ్ళీ ఎలిషా కుక్! ది కిల్లింగ్ మొగుడూ పెళ్ళాలు ఇరవై మూడేళ్ళకి మళ్ళీ ఒక ఇంట్లో. ఆ సీన్లు నేను మిగతా కథ వదిలేసి అవే చూస్తుంటాను. 1983లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరుతో నక్షత్రం వేశారు. 2000 డిసెంబర్ 10న, 81వ పుట్టినరోజుకి ఒక్క రోజు ముందు పోయింది.

శేషూ, నువ్వు ఈ వరుసలో చూడు: న్యారో మార్జిన్ అయిపోయింది కాబట్టి ఇప్పుడు హెల్‌ఫైర్, తర్వాత ది స్నైపర్, ఫోర్స్ ఆఫ్ ఈవిల్, ఆ పైన 'సిటీ దట్ నెవర్ స్లీప్స్'. ఇవన్నీ అయ్యాక ది కిల్లింగ్ మళ్ళీ చూడు, ఈసారి ఆమె కోసం.

శేషు_తెనాలి:
అలాగే అండీ. హెల్‌ఫైర్ మంచి ప్రింటు ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా? నాకు దొరికినదాంట్లో రంగులన్నీ పోయి ఎర్రగా ఉంది.

డల్లాస్_వాసు:
ఇక్కడ డిస్కు వచ్చింది, బాగుంది. వివరాలు నీకు మెసేజ్ పెడతాను తమ్ముడూ. సేలం అన్నా, 'కాడు' తమిళ ప్రింటు ఎవరి దగ్గరైనా ఉందేమో మీ వైపు కొంచెం విచారిస్తారా? ఇంగ్లీషు దానితో పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది.

సేలం_తెలుగు:
తప్పకుండా. స్టూడియోలో పనిచేసినవాళ్ళ పిల్లలు ఒకరిద్దరు ఇక్కడే ఉన్నారు, ఈ ఆదివారం వెళ్ళి అడుగుతాను. ఏమైనా తెలిస్తే ఇక్కడే రాస్తాను.